చేతికి నచ్చని ఆయుధం – జాన్ బ్రౌనింగ్ జీవితం



ఈ ప్రత్యేక సంచికకు ప్రసిద్ధులలో ఒకరి జీవితం రాసిమ్మని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకులను, సంఘసంస్కర్తలను, వాగ్గేయకారులను నాకంటె ముందే మిత్రులు పంచుకున్నారు. నాకు మిగిలింది నాకు తెలిసిన పని ఒక్కటే. నా సర్వీసులో ఎక్కువ భాగం పోలీసు శాఖలో ఆర్మరర్‌గా గడిచింది. తుపాకులను విప్పడం, తుడవడం, బాగుచేయడం, లెక్కచూసి అప్పజెప్పడం నా ఉద్యోగం. అందుచేత తుపాకుల మేస్త్రి జాన్ మోజెస్ బ్రౌనింగ్ గురించి రాస్తున్నాను. ఆయన 1926లోనే పోయారు. ఇంట్లో ఆడవారికి, మనుమలకు ఆ పేరు తెలియకపోవచ్చు. కాని మన సభ్యులలో నడుముకు 9 ఎం.ఎం. పిస్తోలు కట్టుకున్న ప్రతివారూ ఆయన చేతిపనిని మోసినవారే.

మనుషులను చంపే వస్తువులు చేసినవాడి కథ మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అయినా రాయడానికి కారణం ఉంది. ఒకరికి ఒక ఆయుధం నచ్చలేదంటే ఆ మాటను ఎలా వినాలో ఆయన జీవితం చదివాక నాకు తెలిసింది. అప్పటికే నేను ఒకరి మాట వినక తప్పు చేసి ఉన్నాను. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

బాల్యం, తండ్రి కొట్టు

బ్రౌనింగ్ 1855 జనవరిలో అమెరికాలోని యూటా ప్రాంతంలో ఆగ్డెన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి జోనథన్ కూడా తుపాకుల మేస్త్రే. మార్మన్ మతస్థుల వలసలలో బండ్లు కట్టుకుని 1852లో ఆ ప్రాంతానికి చేరినవాడు. వారి ఆనాటి ఆచారం ప్రకారం ఆయనకు ముగ్గురు భార్యలు, ఇరవై ఇద్దరు సంతానం. ఇంత పెద్ద సంసారంలో పిల్లవాడికి చదువు కొద్దిగానే అబ్బింది. మన ఊళ్లలో కమ్మరి పిల్లవాడు కొలిమి దగ్గరే పని నేర్చినట్లు, జాన్ తండ్రి కొట్టులో నేర్చుకున్నాడు. పదేళ్ల వయసులో పారేసిన పాత గొట్టం ఒకటి ఏరుకుని, దానికి కర్రముక్క కట్టి, తమ్ముడు మ్యాట్‌ను వెంటబెట్టుకుని పిట్టల వేటకు వెళ్లాడని చెబుతారు.

1879వ సంవత్సరం ఆయన జీవితంలో పెద్ద మలుపు. ఆ ఏడే వివాహమైంది, ఆ ఏడే తండ్రి పోయాడు, ఆ అక్టోబరులోనే మొదటి పేటెంటు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 24. ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే రైఫిల్ అది. అన్నదమ్ములు కలిసి ఊళ్లోనే చిన్న కార్ఖానా పెట్టి ఆ రైఫిళ్లు తయారుచేసి అమ్మసాగారు.

ఆ రైఫిల్ ఒకటి 1883లో వించెస్టర్ కంపెనీ వారి కంటపడింది. కంపెనీ ముఖ్యుడు బెన్నెట్ స్వయంగా రైలెక్కి దేశం ఆ కొసనుంచి ఈ కొసకు వచ్చి, 8,000 డాలర్లకు హక్కులు కొన్నాడు. ఆ తరువాత ఇరవై ఏళ్లలో బ్రౌనింగ్ ఆ కంపెనీకి 44 నమూనాలు అమ్మారు. అందులో చాలావాటిని వారు తయారే చేయలేదు. పోటీ కంపెనీల చేతికి పోకుండా కొని బీరువాలో పెట్టుకున్నారన్నమాట. మధ్యలో రెండేళ్లపాటు, 1887 నుంచి 1889 వరకు, పనిముట్లు పక్కనపెట్టి జార్జియా రాష్ట్రంలో తమ మత ప్రచారానికి వెళ్లివచ్చారు.

గడ్డి ఊగిన సంగతి

తిరిగి వచ్చిన ఏడే ఒక చిన్న విషయం ఆయన కంటపడింది. ఎవరో రైఫిల్ పేల్చినప్పుడు గొట్టం ముందున్న గడ్డి ఆ విసురుకు ఒక్కసారి వంగి లేచింది. తుపాకి కాల్చిన ప్రతివారూ దాన్ని చూసే ఉంటారు. ఈయన మాత్రం, వృథాగా పోతున్న ఆ విసురుచేతనే తరువాతి తూటా ఎక్కించే పని చేయించవచ్చు గదా అని ఆలోచించారు. ఆ ఆలోచనలోంచే 1895 నమూనా మెషిన్‌గన్ పుట్టింది. తరువాత ఆయన దృష్టి చేతిలో ఇమిడే ఆయుధం మీదకు మళ్లింది.

అప్పట్లో చేతి ఆయుధమంటే అమెరికా వారికి రివాల్వరే. ఆరు గదుల చక్రం తిరుగుతుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. ఒక తూటా పేలకపోతే మళ్లీ నొక్కితే పక్క తూటా వస్తుంది. గుర్రపు రౌతులకు, పోలీసులకు అది ప్రాణం. దాని పక్కన ఆటోమేటిక్ పిస్తోలు అనేది గడియారంలాగ లోపల ఏదో జరిగే వస్తువు. స్ప్రింగులను నమ్ముకోవాలి, మ్యాగజైన్‌ను నమ్ముకోవాలి. అందుచేత చాలామందికి అది నచ్చలేదు.

బ్రౌనింగ్ చేసిన మేలు ఏమిటంటే, బ్యారెల్‌ను కప్పుతూ ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్‌ను ప్రవేశపెట్టడం. ఈనాడు ఏ పిస్తోలు తీసుకున్నా పైభాగంలో కనిపించేది అదే. 1897లో బెల్జియం దేశపు ఫాబ్రిక్ నేషనల్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. అక్కడ తయారైన 1900 నమూనా .32 పిస్తోలు ఐరోపాలో ఎంతగా అమ్ముడుపోయిందంటే, ఫ్రెంచి భాషలో బ్రౌనింగ్ అంటే పిస్తోలు అనే అర్థం వచ్చేసింది. మనం డాల్డా అన్నట్లన్నమాట.

అన్నీ అలా నచ్చలేదు. అదే 1900లో అమెరికాలో కోల్ట్ కంపెనీ చేసిన .38 పిస్తోలుకు గురిచూసే వెనుక సైటునే సేఫ్టీగా అమర్చారు. సైటును కిందికి నొక్కితే ఆయుధం పేలదు. కాగితం మీద తెలివైన ఏర్పాటే. చేతిలో పట్టుకున్నవారికి మాత్రం నచ్చలేదు. కొద్దికాలానికే దాన్ని తీసేశారు.

1902లో వించెస్టర్‌తో తెగతెంపులయ్యాయి. తాను కొత్తగా చేసిన ఆటోమేటిక్ షాట్‌గన్‌కు ఒకేసారి డబ్బు కాక, అమ్మిన ప్రతి తుపాకికీ రాయల్టీ కావాలని బ్రౌనింగ్ కోరారు. బెన్నెట్ ఒప్పుకోలేదు. దాన్ని తీసుకుని రెమింగ్టన్ కంపెనీకి వెళితే, లోపల కలవవలసిన అధ్యక్షుడు ఆ రోజే గుండె ఆగి పోయాడని చెప్పారు. అక్కడినుంచి ఓడ ఎక్కి బెల్జియం వెళ్లారు. వించెస్టర్ వదులుకున్న ఆ షాట్‌గన్ ఆ తరువాత తొంభై ఏళ్లకు పైగా తయారవుతూనే ఉంది.

గుర్రపు రౌతుల ఫిర్యాదులు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1900 ప్రాంతంలో ఫిలిప్పీన్స్ దీవులలో యుద్ధం చేసిన అమెరికా సిపాయిలకు తమ .38 రివాల్వర్ మీద నమ్మకం పోయింది. తూటాలు తగిలినా ఎదుటివాడు ఆగడంలేదని ఫిర్యాదులు వచ్చాయి. 1904లో పరీక్షలు జరిపి, .45 కంటె తక్కువ పనికిరాదని తేల్చారు. తరువాత కొత్త ఆయుధం కోసం కంపెనీల మధ్య పోటీ మొదలైంది.

రౌతులకు ఆటోమేటిక్ పిస్తోలంటే సుతరామూ ఇష్టంలేదు. ఒక చేత్తో కళ్లెం, ఇంకో చేత్తో ఆయుధం. గుర్రం బెదిరితే పిస్తోలు పేలిపోదా అని వారి భయం. బ్రౌనింగ్ స్థానంలో నేనుంటే, మీకు వాడడం రాదు అని ఉండేవాడిని. ఆయన ఆ భయాన్ని పనికి కొలతగా తీసుకున్నారు. పిడి వెనుకవైపు, అరచేయి గట్టిగా పట్టుకుంటేనే పేలేటట్లు ఒక సేఫ్టీ వచ్చింది. అదీ చాలదన్నారు. బొటనవేలితో వేసే ఇంకో సేఫ్టీ వచ్చింది. బ్యారెల్‌ను రెండు లింకులతో పట్టి ఉంచే పాత పద్ధతి తీసేసి, వెనుక ఒక్క లింకు మీద బ్యారెల్ వంగి స్లైడ్‌ను విడిచిపెట్టే పద్ధతి పెట్టారు.

చివరి పరీక్షలో ఒకే పిస్తోలుతో 6,000 రౌండ్లు కాల్చారు. మధ్యమధ్య చల్లార్చడం, తుడవడం, నూనె వేయడం, మళ్లీ కాల్చడం. పోటీ పిస్తోలు అనేకసార్లు మొరాయించింది. బ్రౌనింగ్ పిస్తోలు ఒక్కసారీ మొరాయించలేదు. 1911 మార్చిలో దాన్ని అమెరికా సైన్యం తీసుకుంది. ఆ సంవత్సరమే దాని పేరైంది. 1985 దాకా వారి సైన్యానికి అదే ప్రధాన పిస్తోలు.

అంత మంచి ఆయుధానికీ ఫిర్యాదులు తప్పలేదు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సిపాయిలు, ట్రిగ్గర్ దూరంగా ఉందని, హామర్ వెనక్కి వచ్చినప్పుడు బొటనవేలి మొదట్లో చర్మం కరుస్తోందని, గురి కిందికి పోతోందని చెప్పారు. 1920లలో ట్రిగ్గర్ పొట్టిచేశారు. పిడి వెనుక చదునుగా ఉన్నదాన్ని ఉబ్బెత్తుగా మార్చారు. చర్మం నలగకుండా సేఫ్టీ తోకను పొడుగుచేశారు.

తమాషా ఏమిటంటే, కొన్ని దశాబ్దాల తరువాత పోటీలలో కాల్చేవారు మళ్లీ పొడుగు ట్రిగ్గర్, చదును పిడి కావాలన్నారు. ఈనాడు ఆ నమూనాలో కొత్తగా తయారయ్యే పిస్తోళ్లు చాలావరకు అలాగే వస్తున్నాయి. తాతలు వద్దన్నది మనుమలకు ముద్దయింది. తాతలదీ తప్పు కాదు, మనుమలదీ తప్పు కాదు. పట్టుకునే పద్ధతి మారింది. అప్పుడు ఒంటిచేత్తో కాల్చేవారు, ఇప్పుడు రెండు చేతులతో కాలుస్తున్నారు.

మన దేశంలో ఆయన పిస్తోలు

కోల్ట్ కంపెనీ 1903లో తెచ్చిన .32 జేబు పిస్తోలు కూడా బ్రౌనింగ్ నమూనాయే. చంద్రశేఖర ఆజాద్ 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు పార్కులో చివరి తూటా దాకా పోరాడింది ఆ రకం పిస్తోలుతోనే. అది ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. ఐరోపాలో ఆయన 1910 నమూనా పిస్తోలు 1914 జూన్ 28న సారయెవోలో ఆస్ట్రియా యువరాజు మీద పేలి, ప్రపంచయుద్ధానికి నిప్పురవ్వ అయింది. చేసినవాడి చేయి దాటాక ఆయుధం ఎవరి చేతికి పోతుందో, ఏ పని చేస్తుందో అతని వశంలో ఉండదు. మన శాఖలో పనిచేసిన వారికి ఇది చెప్పనక్కరలేదు.

ఆ యుద్ధంలోకి 1917లో అమెరికా దిగినప్పుడు బ్రౌనింగ్ తన మెషిన్‌గన్‌ను పరీక్షకు పెట్టారు. 20,000 రౌండ్లు కాల్చి, మళ్లీ 20,000 కాల్చారు. అది చెడకుండా నిలిచింది. ప్రభుత్వం రాయల్టీలకు బదులుగా ఒకేసారి ఇవ్వజూపిన మొత్తం, ఆయనకు న్యాయంగా రావలసినదాంట్లో కొద్ది భాగమే. అయినా బేరమాడకుండా ఒప్పుకున్నారు. వించెస్టర్ దగ్గర రాయల్టీ కోసం పట్టుబట్టి బయటికి వచ్చిన మనిషే, యుద్ధ సమయంలో దేశాన్ని డబ్బు దగ్గర పట్టుబట్టలేదు.

ఫ్రెంచి సైన్యం ఎక్కువ తూటాలు పట్టే పిస్తోలు కోరినప్పుడు ఆయన చివరి పిస్తోలు పని మొదలైంది. అది పూర్తికాకుండానే 1926 నవంబరు 26న, బెల్జియంలోని లియేజ్ పక్కన ఫాబ్రిక్ నేషనల్ కార్ఖానాలోనే, కుమారుడి ఆఫీసు గదిలో గుండె ఆగి కన్నుమూశారు. వయసు 71. ఆయన పేర 128 పేటెంట్లు ఉన్నాయి. మిగిలిన పని ఆ కార్ఖానాలోని డ్యూడనే సేవ్ అనే ఇంజనీరు పూర్తిచేశాడు. 1935లో 13 తూటాలు పట్టే 9 ఎం.ఎం. పిస్తోలు బయటికి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇరుపక్షాల వారూ దాన్ని వాడారు. జర్మన్లు ఆక్రమించిన బెల్జియం కార్ఖానాలో వారి కోసం, కెనడాలో మిత్రపక్షాల కోసం ఒకే పిస్తోలు తయారైంది. స్వాతంత్ర్యం తరువాత మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎం.ఎం. పిస్తోలు కూడా అదే నమూనా.

నా తప్పు

1980ల చివర ఆ పిస్తోళ్లు మా జిల్లాకు వచ్చాయి. నాకు నచ్చలేదు. నేను రివాల్వర్ మనిషిని. పిస్తోలు హామర్ చేతిని కరుస్తుందనీ, మ్యాగజైన్ ఊడిపోతే లోపల తూటా ఉన్నా పేలదనీ, కంగారులో సేఫ్టీ తీయడం మరచిపోతారనీ అందరికీ చెప్పేవాడిని. చెప్పినవన్నీ నిజాలే. నిజాలు కావడమే ఇబ్బంది అయింది. నాకు నచ్చకపోవడానికి అసలు కారణం, ఇరవై ఏళ్లుగా నా చేతికి అలవాటైన పని మారిపోవడం. ఆ ఒక్క నిజం మాత్రం చెప్పలేదు.

అంతకు ముందు మా దగ్గరకు కొత్తగా ఒక మహిళా ఎస్.ఐ. గారు వచ్చారు. ఫైరింగ్ ప్రాక్టీసులో .38 రివాల్వర్‌తో ఆవిడ గురి తప్పుతూ ఉండేది. హామర్ ఎత్తకుండా వరుసగా కాల్చేటప్పుడు రివాల్వర్ ట్రిగ్గర్ చాలా బరువు, లాగవలసిన దూరం కూడా ఎక్కువ. ఆవిడవి చిన్న చేతులు. ట్రిగ్గర్ లాగేసరికి ఆయుధం మొత్తం పక్కకు తిరిగిపోయేది. ఈ రివాల్వర్ నాకు పడడంలేదండీ, ఒకసారి చూడండి అని ఆవిడ వచ్చి మర్యాదగా అడిగారు. నేను విప్పి చూసి, ఆయుధంలో లోపం లేదని రిజిస్టరులో రాశాను. రాసింది అబద్ధం కాదు. కాని ఆ వాక్యం చదివినవారందరికీ, లోపం ఆవిడదేనని అర్థమైంది. రేంజిలో నవ్వుకున్నారు. అందులో నేనూ ఉన్నాను.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ నవ్వు కాదు. ఆవిడ రెండేళ్లకు పైగా రాత్రి గస్తీలకు, బందోబస్తులకు, తన చేతికి లొంగని ఆ రివాల్వర్‌నే కట్టుకుని వెళ్లారు. ఆ రోజులు ఎలాంటివో మన సభ్యులకు తెలుసు. ఆవిడ ప్రాణం మీదకు వచ్చి ఉంటే, నా రిజిస్టరు వాక్యం నన్ను కాపాడేది, ఆవిడను కాపాడేది కాదు.

పిస్తోళ్లు వచ్చాక ఆవిడకూ ఒకటి ఇచ్చాము. దాని ట్రిగ్గర్ తేలిక, లాగే దూరం తక్కువ. మొదటి ప్రాక్టీసులోనే తూటాలన్నీ టార్గెట్ నడుమ పడ్డాయి. రేంజిలో ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం అదృష్టం అనుకున్నాను. మరుసటి ఏడు కూడా అలాగే పడ్డాయి. అప్పుడైనా వెళ్లి ఒక మాట చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

రిటైరయ్యాక మా మనుమడు తెచ్చిచ్చిన పుస్తకంలో బ్రౌనింగ్ జీవితం చదివాను. రౌతుల ఫిర్యాదు దగ్గర ఆగిపోయాను. లోకంలో ఆయనకంటె పిస్తోలు తెలిసినవాడు లేడు. ఆయన నమూనాయే బాగాలేదన్నారు, ఆయన మళ్లీ బల్ల దగ్గర కూర్చుని దిద్దారు. నేనో, ఎవరో చేసిన ఆయుధాన్ని వెనకేసుకొచ్చి, ఎదుట నిలబడ్డ మనిషిని తప్పు పట్టాను.

ఇష్టాలు మారుతూనే ఉంటాయి

తరువాత కాలంలో ఆస్ట్రియానుంచి ప్లాస్టిక్ పిడితో గ్లాక్ పిస్తోలు వచ్చింది. అక్కడి సైన్యం 1980ల మొదట్లోనే తీసుకుంది. ఎక్కడెక్కడి షూటర్లూ ఆటబొమ్మ అని వెక్కిరించారు. ఈనాడు ఎన్నో దేశాల పోలీసుల నడుమున అదే ఉంది. అమెరికాలో ఎఫ్.బి.ఐ. వారు 1986లో జరిగిన ఒక కాల్పుల తరువాత 9 ఎం.ఎం. చాలదని పెద్ద తూటాలకు మారి, దాదాపు ముప్పై ఏళ్లకు మళ్లీ 9 ఎం.ఎం.కే తిరిగివచ్చారు. ఒకప్పుడు కోటు జేబులో పట్టే .25 పిస్తోళ్లంటే మోజు. బ్రౌనింగ్ గారే వాటికి నమూనా చేశారు. తరువాత పట్టు దొరకదని, గురి కుదరదని వాటిని తీసిపారేశారు. ఇటీవల మళ్లీ చిన్న పిస్తోళ్లు కావాలంటున్నారు, కాకపోతే ఇంకాస్త బలమైన తూటాతో.

బ్రౌనింగ్ పేరుతో వచ్చిన ఆ 9 ఎం.ఎం. పిస్తోలును బెల్జియం కంపెనీ 2018లో ఆపేసి, 2022లో కొన్ని మార్పులతో మళ్లీ మొదలుపెట్టింది. 1985లో ఆయన .45ను పక్కనపెట్టి అమెరికా సైన్యం తీసుకున్న ఇటలీ పిస్తోలులో బ్యారెల్ వంగే ఆయన పద్ధతి లేదు. 2017లో దానికి బదులు తీసుకున్న కొత్త పిస్తోలులో మళ్లీ ఉంది. గ్లాక్‌లోనూ ఉంది. పైన ప్లాస్టిక్ వచ్చింది, పేర్లు మారాయి, లోపల మాత్రం ఆగ్డెన్ మేస్త్రి ఆలోచనే పనిచేస్తోంది.

ఆ మహిళా ఎస్.ఐ. గారు పెద్ద హోదాలో రిటైరై, ఇప్పుడు మన సంఘంలోనే సభ్యురాలు. పోయిన సర్వసభ్య సమావేశంలో భోజనాల దగ్గర ధైర్యం చేసి ఈ విషయం ఎత్తాను. ఆవిడకు ఆ రిజిస్టరు వాక్యం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నేనే మరచిపోయి ఉంటాననుకున్నారట. పేరు లేకుండా రాసుకోమని అనుమతి ఇచ్చారు. ఆ రోజు నోటితో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. అమ్మా, లోపం మీది కాదు. ఆయుధం చేతికి సరిపోయిందా లేదా అని చూడవలసిన పని నాది, నేను చూడలేదు. పెద్ద మనసుతో క్షమించండి.

ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలు ఎవరైనా ఇది చదివితే, వారికి నా మనవి ఒక్కటే. ఎవరైనా వచ్చి ఈ వస్తువు నాకు పడడంలేదని చెబితే, వస్తువుతోపాటు వారి చేతిని కూడా ఒకసారి చూడండి.

సెలవు.